ముక్కు పట్టుకుని కొట్టిన ఆదివారాలు

మా ఇంట్లో దెబ్బలకు టైమ్ టేబుల్ ఉండేది. ఆదివారం పొద్దున ఢిల్లీ నుంచి వచ్చే టీవీ క్విజ్. మంగళవారం సాయంత్రం హైదరాబాద్ టీవీలో తెలుగు క్విజ్. గురువారం ఏడున్నరకు రేడియోలో బడిపిల్లల పోటీ, శనివారం మధ్యాహ్నం మళ్ళీ రేడియోలోనే కాలేజీవాళ్ళ పోటీ. ఈ నాలుగింటినీ నాయన ఒక అట్టముక్క మీద వంకర అక్షరాలతో రాసి, టీవీ పక్కన గోడకు మేకు కొట్టి తగిలించాడు. వేరే ఇళ్ళలో పిల్లలు తప్పు చేసినప్పుడు దెబ్బలు తింటారు. ఎప్పుడు తింటారో వాళ్ళకు ముందుగా తెలియదు. మాకు మాత్రం వారం ముందే తెలుసు.

ఎనభైల చివరి మాట ఇది. మాది జిన్నారం దగ్గర పల్లె. ఉన్న భూమి ఫ్యాక్టరీల కింద పోయాక పటాన్‌చెరుకు వచ్చి, రెండు గదుల కిరాయి ఇంట్లో చేరాం. నాయన మందుల రసాయనాలు చేసే ఒక కంపెనీలో హెల్పరు. గాలి ఇటు తిరిగితే కళ్ళు మండేవి. కిటికీ మూసి, చిన్న నలుపు తెలుపు టీవీ ముందు కూర్చునేవాళ్ళం.

నాయన ఐదో తరగతి దాకా చదివాడు. తెలుగు కూడబలుక్కుని చదువుతాడు, ఇంగ్లీషు అసలే రాదు. కంపెనీలో గొట్టాల మీద, డ్రమ్ముల మీద పేర్లన్నీ ఇంగ్లీషులోనే ఉండేవి. ఒకరోజు నీళ్ళ వాల్వ్ తిప్పమంటే ఆసిడ్ వాల్వ్ తిప్పాడు. మనుషులెవరికీ ఏమీ కాలేదు గానీ ఆ పూట సరుకంతా పాడైపోయింది. షిఫ్ట్ ఇన్‌చార్జి వచ్చి, తోటి హెల్పర్లందరి ముందు నాయన చెంప పగలగొట్టాడు. ఈ సంగతి మాకు బయటివాళ్ళెవరూ చెప్పలేదు. ఆ సాయంత్రం నాయనే అన్ననూ నన్నూ ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాడు. చెంప మీద నాలుగు వేళ్ళూ ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి.

“ఎందుకు కొట్టిండో ఎరుకేనా? నాకు తెల్వలే, గందుకు కొట్టిండు. తెల్వనోన్ని ఎవడన్న కొడ్తడు. మీకు అన్నీ తెల్వాలె. ఒక్కటి గూడ తెల్వదనొద్దు.”

మాట అక్కడితో ఆగి ఉంటే మా నాయనను నేను ఈరోజు నెత్తిన పెట్టుకునేదాన్ని. కానీ ఆగలేదు.

ఆయన చదివిన పల్లె బడిలో ఒక పద్ధతి ఉండేది. మా దిక్కు బడుల్లో చదివిన నా ఈడువాళ్ళకు ఇది కొత్త కాదు. పంతులు ప్రశ్న అడుగుతాడు. తెలియనివాళ్ళు లేచి నిలబడాలి. తెలిసినవాడు జవాబు చెప్పి, ఒక్కొక్కరి దగ్గరికే వెళ్ళి, ఎడమ చేత్తో ముక్కు పట్టుకుని కుడి చేత్తో చెంప మీద కొట్టాలి. మెల్లగా కొడితే పంతులు వాణ్ణి పిలిచి, ఎలా కొట్టాలో వాడి చెంప మీదనే చూపిస్తాడు. పంతులు చేతికి నొప్పి లేదు, పిల్లలకు మాత్రం ఒకరి మీద ఒకరికి జన్మంతా ఆరని కోపం. నాయన ఆ పద్ధతిని ఉన్నది ఉన్నట్టు మా ఇంటికి తెచ్చాడు. టీవీలో ప్రశ్న రాగానే, అక్కడ కూర్చున్న పిల్లలు చెప్పేలోపు మాలో ఒకరు చెప్పాలి. చెప్పినవాళ్ళు చెప్పనివాళ్ళను కొట్టాలి. అప్పుడు నాకు పదేళ్ళు, అన్నకు పదిహేను.

ఇందులో వింత ఏమిటంటే, ప్రశ్నలు నాయనకు అర్థమయ్యేవి కావు. ఆదివారం పోటీ అంతా ఇంగ్లీషు. ఆయన మా మాట విని, తర్వాత టీవీలో చప్పట్లు కొట్టే ముందు ఎవరేం అన్నారో విని, రెండూ ఒక్కటే అయితే తీర్పు చెప్పేవాడు. మధ్యలో కరెంటు పోయిందంటే మా గతి చూడాలి. జవాబు ఒప్పో తప్పో తెలియదు గనుక, కరెంటు వచ్చేదాకా నేను అన్న ముక్కు పట్టుకుని, చెయ్యి లేపి పెట్టుకుని నిలబడాలి. ఒక్కోసారి ఇరవై నిమిషాలు. అన్న నోటితో ఊపిరి పీలుస్తూ నా కళ్ళలోకి చూసేవాడు. ఇద్దరికీ నవ్వు వచ్చేది. నవ్వితే నాయన చెయ్యి పడేది.

నాయన షిఫ్టులో ఉన్న రోజు తప్పించుకోవచ్చని అనుకునేరు. అడిగిన ప్రశ్నలన్నీ నోటుబుక్కులో రాసి పెట్టాలి. ఆయన వచ్చాక ఎవరు ఏది చెప్పారో ఒప్పజెప్పి, బాకీ పడ్డ దెబ్బలన్నీ ఆయన ముందు వరసగా కొట్టుకోవాలి. అమ్మ ఒకసారి తట్టుకోలేక పొయ్యి దగ్గర నుంచి టీవీ మీదికి గరిటె విసిరింది. అది టీవీకి తగలకుండా నాయన మోకాలికి తగిలింది. నాయన లేచి అమ్మను జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. ఆ గురువారం రేడియో పోటీ మాత్రం ఎప్పటిలాగే ఏడున్నరకు మొదలైంది.

మొదటి రెండేళ్ళు దెబ్బలు తిన్నది ఎక్కువగా నేనే. చిన్నదాన్ని, నాకేం తెలుసు. అన్నకు నన్ను కొట్టాలంటే చెయ్యి వచ్చేది కాదు. మెల్లగా కొడితే నాయన అన్న చెంప మీద ఎలా కొట్టాలో చూపించేవాడు. అందుకని అన్న ఒక ఉపాయం కనిపెట్టాడు. ఒక మధ్యాహ్నం నన్ను బావి గట్టు దగ్గరికి తీసుకుపోయి తన తొడ మీద కొట్టి చూపించాడు.

“చెయ్యి గిన్నె లెక్క పెట్టాలె. గిట్ల. సప్పుడు బాగొస్తది, నొప్పి తక్కువుంటది. నాయినకు సప్పుడు గావాలె గంతే.”

నిజమే. అరచెయ్యి గుంటగా పెట్టి చెంప మీద కొడితే టపాకాయ పేలినట్టు మోగేది. నొప్పి మాత్రం సగం కూడా ఉండేది కాదు. నాయన తృప్తిగా తల ఊపేవాడు. అలా రెండేళ్ళు ఇద్దరం కలిసి ఆయన్ను మోసం చేశాం. నా చిన్నతనంలో అన్న నాకు ఇచ్చినదాంట్లో అంత మంచిది ఇంకొకటి లేదు.

మాకు మంచి రోజులు లేవని కాదు. గురువారం పోటీ చివర వినేవాళ్ళకు ఒక ప్రశ్న వేసి, జవాబు కార్డు మీద రాసి పంపమనేవారు. నాయన ప్రతి వారం నా చేత రాయించి తానే పోస్టు డబ్బాలో వేసి వచ్చేవాడు. ఒకసారి సరైన జవాబులు పంపినవాళ్ళ పేర్లలో నాయన పేరు, పటాన్‌చెరు అని ఊరి పేరు చదివారు. నాయన రేడియోను చంకన పెట్టుకుని గల్లీలోకి ఉరికాడు. “నా పేరు జదివిండ్రు! ఇన్నరా లేదా?” అని ఇంటింటి తలుపూ కొట్టాడు. ఆ రోజు నాయన మమ్మల్ని ఒకరినొకరు కొట్టుకోమనలేదు.

పన్నెండేళ్ళు వచ్చేసరికి నాకు ఊపు వచ్చింది. బడి లైబ్రరీలో ఉన్నవన్నీ మింగేశాను. దేశాలు, నదులు, లోహాలు, రాజులు, ఏది అడిగినా నాలుక చివర ఉండేది. అన్న ఐటీఐలో ఫిట్టరు చదువుతున్నాడు. అన్న చేతికి రేడియో ఇస్తే విప్పి మళ్ళీ బిగించేవాడు. ఇంజిను చప్పుడు విని ఏ బోల్టు వదులైందో చెప్పేవాడు. కానీ ఏ దేశానికి ఏ రాజధానో వాడికి ఎక్కేది కాదు. ఇక దెబ్బలన్నీ వాడికే.

ఇక్కడ నేను నిజం చెప్పాలి. నాకు కొట్టడం నచ్చింది. ఆడపిల్లను, ఇంట్లో అన్నిటికంటే చివర అన్నం తినేదాన్ని. అలాంటిది, మీసాలు వచ్చిన మగపిల్లాడి ముక్కు పట్టుకుని చెంప వాయిస్తుంటే నాయన “శభాష్ బిడ్డ” అంటున్నాడు. ఆ పొగరు నెత్తికెక్కింది. ఒకరోజు ఏదో చిన్న మాటకు అన్నతో గొడవపడి, ఆ కోపంలో గిన్నె చెయ్యి మానేసి, అరచెయ్యి చాచి సాపుగా కొట్టాను. అన్న నా ముఖం కేసి ఒక్కసారి చూశాడు. ఆ తర్వాత సాపుగానే కొడుతూ వచ్చాను. ఏడాదిన్నర కొట్టాను. వాడి చెంప మీద నా వేళ్ళు ఎర్రగా తేలేవి. వాటిని చూసుకుని సంబరపడేదాన్ని. ఎంత పాపిష్టిదాన్నో నాకే ఇప్పుడు అసహ్యం వేస్తుంది.

అన్నకు పంతొమ్మిదేళ్ళప్పుడు సర్కారు ఫ్యాక్టరీ నుంచి కాగితం వచ్చింది. ఫిట్టరు ట్రేడులో పరీక్ష పాసయ్యాడు, ఇక మెడికల్ ఒక్కటే మిగిలింది. సర్కారు ఫ్యాక్టరీ అంటే మాకు మామూలు మాట కాదు. క్వార్టరు, పర్మనెంటు నౌకరి, ఇంగ్లీషు పేర్లున్న వాల్వ్ తప్పు తిప్పితే చెంప మీద కొట్టే ఇన్‌చార్జి ఉండని చోటు. నాయన ఆ కాగితాన్ని దేవుడి పటం వెనక పెట్టి, రోజూ తీసి చూసుకుని మళ్ళీ పెట్టేవాడు. మెడికల్‌కు ఇంకా తొమ్మిది రోజులు ఉన్నాయి.

ఆ ఆదివారం మా వెనక లైనులో ఉండే కెమిస్టు సారు క్విజ్ చూడటానికి మా ఇంటికి వచ్చాడు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాడు, నాయన కంపెనీలోనే ల్యాబులో పని. వాళ్ళ టీవీ చెడిపోయింది. ల్యాబు మనిషి మా ఇంట్లో కుర్చీలో కూర్చోవడం నాయనకు పండగే. చాయ్ ఇప్పించి, మా పద్ధతి అంతా విడమరచి చెప్పాడు. “సూడుండ్రి సారు, మా పోరలు ఎట్ల జెప్తరో.”

మొదటి ప్రశ్న నదుల గురించి. నేను చెప్పాను. అన్న లేచి నిలబడ్డాడు. నేను సాపుగా కొట్టాను. కెమిస్టు సారు మొదట “అయ్యో, ఇదేంటండీ” అన్నాడు. నాయన నవ్వుతుంటే ఆయనా నవ్వాడు. రెండో ప్రశ్న ఒక రాజు గురించి. అదీ నేనే చెప్పాను. రెండో దెబ్బకు సారుకు సరదా పుట్టింది. “అబ్బో, మీ అమ్మాయి చేతి వాటం గట్టిదేనండీ” అని తొడ చరుచుకున్నాడు.

మూడోది, మామూలు వేడిలో ద్రవంగా ఉండే లోహం ఏది అని. అది అన్నకు తెలుసు. వాడి పెదవులు కదిలాయి. కానీ కెమిస్టు సారు వాడి ముఖంలోకే చూస్తున్నాడు, వాడు తల దించుకున్నాడు. నేను మెర్క్యురీ అన్నాను, అంటే పాదరసం. టీవీలో చప్పట్లు. అన్న లేచాడు. పరాయి మనిషి ముందు, నౌకరి కాగితం వచ్చిన మనిషి, కళ్ళలో నీళ్ళు పెట్టుకుని నా ముందుకు వచ్చి ముక్కు చాపాడు.

నాకు ఒక్కసారి వాడి మీద జాలి పుట్టుకొచ్చింది. ఏడాదిన్నర తర్వాత అరచెయ్యి మళ్ళీ గిన్నెలా పెట్టాను. చప్పుడు నాయనకు, కెమిస్టు సారుకు. నొప్పి మాత్రం వాడికి వద్దు. అది వాడికి చెప్పేదెలా? సాపు దెబ్బ వస్తుందని వాడు ఎప్పటిలాగే చివరి క్షణంలో తల పక్కకు తిప్పాడు. నా గిన్నె చెయ్యి చెంప మీద కాకుండా చెవి మీద పడింది.

గది మారుమోగింది. కెమిస్టు సారు ఉలిక్కిపడ్డాడు. నాయన “శభాష్ బిడ్డ!” అన్నాడు. అన్న చెంప పట్టుకోలేదు, చెవి పట్టుకుని గోడ వెంట జారి కూర్చున్నాడు. సారు వెళ్ళిపోయి, నాయన బయటికి నడిచాక చూస్తే వాడి వేళ్ళ సందుల్లో నెత్తురు ఉంది.

అమ్మ వెల్లుల్లి వేసి కాచిన నూనె గోరువెచ్చగా చెవిలో పోసింది. చెవి నొప్పికి ఆమెకు తెలిసిన వైద్యం అదొక్కటే. బుధవారానికి చీము కారడం మొదలైంది. గురువారం నాయన షిఫ్టుకు పోగానే ముగ్గురం బస్సెక్కి సంగారెడ్డిలో చెవి డాక్టరు దగ్గరికి పోయాం. ఆయన లైటు పెట్టి చూసి, ఎలా తగిలిందని అడిగాడు. నేను నా చెయ్యి చాపి చూపించాను. ఆయన నా అరచెయ్యిని, దాని గుంటను చూశాడు.

“చెయ్యి గిట్ల గుంత పెట్టి చెవి మీద కొడితే గాలంత ఒక్కసారి లోపలికి పోయి పొర పగుల్తది. సాపు చెయ్యి అయి ఉంటే చెంప ఎర్రగై పోతుండె, అంతే. పైనుంచి నూనె వోసిండ్రు, చీము పట్టింది.”

మెడికల్ లోపు తగ్గుతుందా అని అమ్మ అడిగింది. ఆయన మందులు రాశాడు, మాట మాత్రం ఇవ్వలేదు. వచ్చేటప్పుడు బస్సులో అన్న నా చేతి వైపు చూసి కిటికీలోకి తల తిప్పుకున్నాడు. జలుబు చేసి అన్న చెవి కారుతోందని అమ్మ నాయనకు చెప్పింది. నేనూ నోరు మూసుకున్నాను. చాటుగా డాక్టరు దగ్గరికి పోయామని చెప్తే నాయన చేతిలో అమ్మ ఎముకలు విరిగేవి.

మెడికల్ రోజున అన్న పొద్దున్నే తల స్నానం చేసి, చెవిలో దూది తీసేసి పోయాడు. కళ్ళు, ఛాతీ, ఎత్తు అన్నీ పాసయ్యాయట. చివరికి ఒక డాక్టరు వెనక నిలబడి, ఒక్కో చెవి మూయించి, మెల్లగా అంకెలు చెప్పి తిరిగి చెప్పమన్నాడట. కుడి చెవితో అన్నీ చెప్పాడు. ఎడమ చెవి వంతు వచ్చేసరికి డాక్టరు మొదలుపెట్టిందీ ఆపేసిందీ కూడా వాడికి తెలియలేదు. నౌకరి అక్కడే పోయింది.

మధ్యాహ్నం బస్సుకు ఇంటికొచ్చాడు. నాయన ఆ రోజు షిఫ్టు మార్చుకుని గడపలోనే కూర్చుని ఉన్నాడు.

“ఏమైంది?”

“ఫెయిల్. ఎడమ చెవి ఇనబడ్తలేదన్నరు.”

“ఇనబడకపోవుడేంది?” నాయన లేచాడు. “అడిగిందానికి జవాబు జెప్పకుండ మొద్దు లెక్క నిలబడి ఉంటవు. ఈడ నిలబడ్డట్టే గాడ గూడ నిలబడ్డవా?” అంటూ చెయ్యి ఎత్తాడు.

అన్న ఆ చేతిని గాలిలోనే పట్టుకున్నాడు. పంతొమ్మిదేళ్ళలో అదే మొదటిసారి. అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి నిలబడింది. నాయన మణికట్టు ఎముకలు పటపటమన్నాయి. ఆయన ముఖంలో భయం కనిపించింది. నిజం చెప్పొద్దూ, అది చూసి నాకు సంతోషమైంది.

“ఇయ్యాల నేనడుగుత, నువ్వు జెప్పు” అన్నాడు అన్న. “నా చెవి ఎట్ల పోయింది?”

“సర్ది చేసింది. చీము గారింది. మీ అమ్మ జెప్పింది గదా.”

“తప్పు.” అన్న నా దిక్కు తిరిగాడు. “నువ్వు జెప్పు.”

“నేను కొట్టిన” అన్నాను. “కెమిస్టు సారు వచ్చిన ఆదివారం. చెయ్యి గిన్నె లెక్క పెట్టి చెవి మీద కొట్టిన.”

“గిన్నె లెక్కేంది?” అన్నాడు నాయన.

ఒకసారి తెరిచిన నోరు ఇక మూతపడలేదు. బావి గట్టు దగ్గర అన్న నేర్పిన సంగతి, రెండేళ్ళు ఆయన్ను మోసం చేసిన సంగతి, ఏడాదిన్నర నేను సాపుగా కొట్టిన సంగతి, ఆ రోజు జాలి పుట్టిన సంగతి అన్నీ కక్కేశాను. డాక్టరు మాట కూడా చెప్పాను. అది ఎందుకు చెప్పానో ఇప్పటికీ తెలియదు. నాయన అంతా విన్నాడు. కింది పెదవి వణికింది. ఏడుస్తాడనుకున్నాను. ఆ ఒక్క క్షణం ఆయన ఏడ్చి ఉంటే నేను కాళ్ళ మీద పడేదాన్ని.

ఏడవలేదు. నడుము నిటారుగా చేసుకుని, గెలిచిన మనిషిలా మా ఇద్దరినీ చూశాడు.

“మరి నేనేం జెప్పిన? సక్కగ కొట్టుమనే గదా జెప్పిన! నేను జెప్పినట్టు కొడితే వాని చెవి ఉండకపోవునా? డాక్టరే అన్నడు గదా. మీరు దొంగాటలు ఆడి నౌకరి పోగొట్టుకున్నరు.”

అన్న చేతిలోంచి నాయన చెయ్యి జారిపోయింది. నాయన చెప్పిన దాంట్లో తప్పు ఎక్కడుందో వాడికి దొరకలేదు. నాకూ దొరకలేదు. అదే నన్ను పిచ్చిదాన్ని చేసింది. రెండడుగులు ముందుకు వేసి, ఎడమ చేత్తో నాయన ముక్కు పట్టుకున్నాను. బీడీ వాసన, చెమట, గరుకు మీసం నా వేళ్ళకు తగిలాయి. ఆయన తల వెనక్కి తీసుకోలేదు. కుడి చేత్తో, అరచెయ్యి సాపుగా పెట్టి, ఉన్న బలమంతా తీసి కొట్టాను. మళ్ళీ కొట్టాను. అమ్మ “కన్నతండ్రినే కొడ్తవా, ముండా” అని అరుస్తూ నా జుట్టు పట్టి వెనక్కి లాగింది.

నాయన చెంప తడుముకున్నాడు. నన్ను తిట్టలేదు, కొట్టలేదు. ఆదివారాలు తీర్పు చెప్పే గొంతుతోనే అన్నాడు.

“గిప్పుడు సక్కగ కొట్టినవ్.”

అన్న ఆ నెలలోనే నాయన కంపెనీలో హెల్పరుగా చేరాడు. గోడకున్న అట్టముక్కను ఎవరూ తీయలేదు. తర్వాతి ఆదివారం నాయన ఎప్పటిలాగే టీవీ పెట్టాడు. మేమిద్దరం వచ్చి కూర్చున్నాం. ప్రశ్న వచ్చింది. నాకు జవాబు తెలుసు. చెప్తే అన్నను కొట్టాలి. టీవీలో పిల్లలు చెప్పారు, చప్పట్లు మోగాయి. నాయన నా ముఖంలోకి చూశాడు. ఇంకో ప్రశ్న వచ్చింది, అదీ తెలుసు. పెళ్ళై ఆ ఇల్లు వదిలే దాకా వారానికి నాలుగుసార్లు ఆ గదిలో కూర్చున్నాను, ఒక్కదానికీ జవాబు చెప్పలేదు.